రోటరీ ఫౌండేషన్: ఒక ధర్మనిధి పుట్టుపూర్వోత్తరాలు

బీచుపల్లి ఆంజనేయస్వామి క్షేత్రానికి ఇరుపక్కలా ఉన్న గద్వాల, వనపర్తి సీమల్లో సంస్థానాధీశుల కాలంలో గుడికో సత్రానికో భూమిని మాన్యంగా రాసి ఇచ్చేవారు. భూమిని అమ్మకుండా దాని ఫలసాయంతోనే ధర్మకార్యం నడపడం మాన్యం స్వభావం. రోటరీ సేవాసంస్థ స్థాపించిన ధర్మనిధికి మూలమైన ఆలోచన కూడా ఇటువంటిదే, కాకపోతే ఇక్కడ భూమికి బదులు డబ్బు ఉంటుంది.

పాల్ హారిస్ 1905లో షికాగోలో రోటరీని ప్రారంభించగా, క్లీవ్‌లాండ్‌కు చెందిన ఆర్చ్ క్లంఫ్ అధ్యక్షుడిగా 1917 అట్లాంటా సమావేశంలో లోకహితానికి శాశ్వత నిధి ఉండాలని ప్రతిపాదించాడు. కాన్సాస్ సిటీ రోటరీ క్లబ్బు పంపిన 26 డాలర్ల 50 సెంట్లే దానికి తొలి విరాళం. 1928లో దానికి రోటరీ ఫౌండేషన్ అనే పేరు స్థిరపడినా, 1947లో హారిస్ మరణించాక ఆయన స్మృతికి వచ్చిన విరాళాలే దాన్ని నిజంగా నిలబెట్టాయి.

నిధి నడిచే తీరులోని ప్రత్యేకత నిరీక్షణ. మాన్యంలా కాకుండా వార్షిక నిధిలో అసలు కూడా ఖర్చవుతుంది, కానీ వెంటనే కాదు: దానికి వచ్చిన విరాళాన్ని మూడేళ్లు మదుపు చేసి, ఆ రాబడిని నిర్వహణ ఖర్చులకు వాడుతూ, గడువు ముగిశాక అసలులో సుమారు సగం విరాళమిచ్చిన జిల్లాకు, దాదాపు అంతే మొత్తం ప్రపంచ నిధికి కేటాయిస్తారు. ఇక్కడ జిల్లా అంటే రెవెన్యూ జిల్లా కాదు, అనేక క్లబ్బుల సముదాయం. తమ వాటాలో సగం దాకా జిల్లాలు చిన్న స్థానిక పనులకు జిల్లా గ్రాంటుగా వాడుకోవచ్చు. పెద్ద పనులకు ఇచ్చే గ్లోబల్ గ్రాంటుకు మాత్రం కనీసం 30,000 డాలర్ల అంచనా, వేర్వేరు దేశాలకు చెందిన రెండు పక్షాల భాగస్వామ్యం, స్థానిక అవసరాల పరిశీలన తప్పనిసరి. ఊరికి ఏం కావాలో ఊరినే అడగాలనే ఈ చివరి నిబంధన విలువ ఆ డబ్బు కంటే ఎక్కువ. అయితే 30,000 డాలర్ల హద్దు వల్ల ఒక చిన్న పల్లెకు కావలసిన మంచినీటి శుద్ధి యంత్రం ఒక్కటే గ్లోబల్ గ్రాంటుకు అర్హం కాకపోవచ్చు కనుక, అలాంటి చోట జిల్లా గ్రాంటే ఆధారం.

ఈ నిధి సత్తా పోలియో విషయంలో తేటతెల్లమైంది. 1979లో ఫిలిప్పీన్స్‌లో సుమారు 60 లక్షల మంది పిల్లలకు టీకా ఇచ్చే పనితో మొదలైన కృషి 1985లో పోలియోప్లస్ కార్యక్రమంగా విస్తరించింది. దానికి 12 కోట్ల డాలర్ల లక్ష్యం పెట్టుకోగా 1988 నాటికి 24 కోట్ల 70 లక్షలు పోగయ్యాయి. భారతదేశంలో 1995లో పల్స్ పోలియో కార్యక్రమం మొదలయ్యాక ఒకే చోట నిలకడగా ఉండని కుటుంబాల పిల్లలను చేరడం అన్నిటికంటే కష్టమైంది. వలస కూలీలకు పేరుపడ్డ పాలమూరు జిల్లాకు ఇది దూరపు సంగతి కాదు. నేటి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ 2016 దాకా ఆ జిల్లా భాగాలే. బస్టాండ్లలో, ఇటుక బట్టీల్లో, కట్టడాల దగ్గర చుక్కలు వేసిన ప్రభుత్వ బృందాల వెనుక ఐక్యరాజ్యసమితి సంస్థలతో పాటు రోటరీ నిధి, దాని స్వచ్ఛంద సేవకుల శ్రమ ఉన్నాయి. 2011 జనవరి 13న హౌరా దగ్గర చివరి కేసు నమోదు కాగా, 2014 మార్చి 27న భారతదేశం పోలియో రహితమైనట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.