ఉలి ఆయుర్దాయం
కర్రను గుండ్రంగా తిప్పుతూ చెక్కే తరిమెన పనిలో అరిగిన ఉలిని ఎప్పుడు మార్చాలన్న నిర్ణయం ఉక్కు చరిత్రను అనుసరించింది. 1740లలో ఇంగ్లండులోని షెఫీల్డులో బెంజమిన్ హంట్స్‌మన్ మూసలో కరిగించి ఉక్కు తయారుచేసే పద్ధతిని రూపొందించిన తరువాత ఆ నగరం పనిముట్లకు పేరుపొందింది. అయితే అలా తయారైన కర్బనపు ఉక్కు సాన పట్టేటప్పుడు వేడెక్కి నీలిరంగుకు తిరిగితే గట్టిదనం కోల్పోతుంది కనుక, ఆ భాగాన్ని అరగదీయక తప్పేది కాదు. ఉలి ఆ మేరకు పొట్టిదయ్యేది. 1900 పారిస్ ప్రదర్శనలో టేలర్, వైట్ అనే ఇద్దరు రూపొందించిన హైస్పీడ్ ఉక్కు, అనగా టంగ్‌స్టన్ కలిసి ఎర్రగా కాలినా పదును నిలుపుకునే లోహం, లోకానికి పరిచయమైంది. 20వ శతాబ్ది చివరి దశాబ్దాలలో అది కర్ర చెక్కే ఉలులకూ వ్యాపించడంతో నీలిరంగు చూసి భయపడే అవసరం తగ్గింది. గాడి ఉలి విషయంలో మాత్రం గాడి అరిగిపోవడం, లేదా ఉలిని ఆనించే కడ్డీపై పట్టు నిలవనంత పొట్టిదవడం ఇప్పటికీ దానిని మార్చవలసిన గుర్తులే.