నీటిదారిని చదివే కాంతి

ముసఫ్ఫాకు తూర్పున, అల్ ఐన్ ఖర్జూర వనాలను బతికించినది ఫలజ్: నేలవాలును నమ్ముకున్న కాలువ. గోల్కొండ కుతుబ్‌షాహీ సమాధుల తోటలకు మెట్లబావులే ప్రాణం. 2013లో అక్కడ పునరుద్ధరణ చేపట్టిన ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు కట్టడాలను లేజర్ స్కానర్‌తో నమోదు చేసింది. కాంతి వెళ్ళి తిరిగివచ్చే కాలాన్నిబట్టి దూరం తేలుతుంది. లక్షలాది బిందువులు కలిసి రూపం కడతాయి. గాలికి కదిలే ఆకులు అందులో మసకబారుతాయి. రాతిగట్లూ, ఎత్తుపల్లాలూ స్పష్టంగా నిలుస్తాయి. తోట చరిత్రకు అవే ఆధారం: చెట్లు మారినా, నీరు నడిచిన వాలు మిగులుతుంది.

అయితే సిటీ స్కాన్‌లాగే ఇదీ రోగాన్ని చూపుతుంది, నయం చేయదు. ఆ ఏటి వానలకు కొంత కూలిన బడీ బావలిని తిరిగి నిలిపినవి మేస్త్రీల చేతులే. పచ్చిక కోసం మట్టిపోసి చదును చేసిన తోటలో మాత్రం పాత వాలు పైకి కనబడదు. అందుకే ముందు కొలవాలి, తరువాతే నాటాలి.