రాని మాంద్యం కోసం దాచిన డబ్బు

మా అమ్మాయి కామర్స్ చదువుతోంది. మొన్న ప్రాజెక్టు పని చేసుకుంటూ వంటింట్లోకి వచ్చి, ఫోనులో ఒక పాత ఫోటో చూపించింది. ఇద్దరు అమెరికా సైనికులు సూటు వేసుకున్న ఒక పెద్దాయన్ని, కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఎత్తుకుని ఆఫీసు బయటికి మోసుకొస్తున్నారు. ఆయనేమో చేతులు పొట్ట మీద పెట్టుకుని, పల్లకీలో ఊరేగుతున్నట్టు దర్జాగా ఉన్నాడు. నవ్వొచ్చింది. కథ తెలిశాక నవ్వు తగ్గింది.

ఆయన పేరు సూయెల్ ఏవరీ. షికాగోలోని మాంట్‌గోమరీ వార్డ్ కంపెనీ అధిపతి. 1872లో పల్లెటూళ్ళ రైతులకి పోస్టులో సరుకులు పంపడంతో మొదలైన కంపెనీ అది. నచ్చకపోతే డబ్బు వాపసు అని 1875లోనే మాట ఇచ్చింది. ఆ రోజుల్లో రైతు కుటుంబాలకి ఆ కాటలాగే పెద్ద బజారు.

ఏవరీని తెలివితక్కువవాడు అనడానికి లేదు. 1929 మహామాంద్యం వచ్చినప్పుడు ఆయన ఒక జిప్సం కంపెనీ నడుపుతున్నాడు. అందరూ మునిగిపోతుంటే దాన్ని నష్టం లేకుండా ఒడ్డున పడేశాడు. అది చూసే 1931లో నష్టాల్లో ఉన్న వార్డ్‌ని ఆయన చేతిలో పెట్టారు. కొద్ది ఏళ్ళలోనే దాన్నీ లాభాల్లోకి తెచ్చాడు. ఒకసారి మన జాగ్రత్త ఫలించిందంటే ఇక ఆ జాగ్రత్తకి ఎదురు చెప్పడం ఎవరి తరం?

ఆయనకి రెండు గట్టి నమ్మకాలు. నా కంపెనీలో ప్రభుత్వమూ, కార్మిక సంఘమూ వేలు పెట్టకూడదన్నది ఒకటి. ఆ ఫోటో దాని ఫలితమే. యుద్ధకాలంలో సంఘంతో ఒప్పందం పొడిగించమని ప్రభుత్వ బోర్డు ఆదేశిస్తే ససేమిరా అన్నాడు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కంపెనీని స్వాధీనం చేసుకోమన్నాడు. 1944 ఏప్రిల్లో, దాదాపు డెబ్భై ఏళ్ళ వయసులో, కుర్చీ వదలనంటే సైనికులు మోసుకెళ్ళారు. ఎదురుగా ఉన్న అటార్నీ జనరల్‌ని 'న్యూ డీలర్' అని తిట్టాడట. ఆయన దృష్టిలో అంతకంటే పెద్ద తిట్టు లేదు మరి!

కంపెనీని ముంచింది మాత్రం ఈ పోట్లాట కాదు, రెండో నమ్మకం. ప్రతి పెద్ద యుద్ధం తర్వాతా మాంద్యం వచ్చింది, ఈసారీ వస్తుంది అని. అందుకని 1941 తర్వాత తను దిగిపోయేదాకా ఒక్క కొత్త దుకాణమూ తెరవలేదు. పైసా పైసా కూడబెట్టాడు. 1950ల నడిమికి కంపెనీ చేతిలో 30 కోట్ల డాలర్లకు పైగా ఊరికే పడి ఉంది. ఇది దుకాణమా, బ్యాంకా అని జనం ఎగతాళి చేశారు. కాదన్న అధికారులు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, లేదా పంపించబడ్డారు.

బయట జరుగుతున్నది వేరు. యుద్ధం నుంచి వచ్చిన కుర్రాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకుని, నగరాల శివార్లలో ఇళ్ళు కట్టుకుని, కార్లు కొనుక్కున్నారు. కొత్త కాపురం అంటే ఫ్రిజ్ కావాలి, వాషింగ్ మెషీన్ కావాలి, పిల్లల బట్టలు కావాలి. ఆ ఇల్లాళ్ళు వార్డ్ దుకాణం కనపడక పక్కనే తెరుచుకున్న సియర్స్‌కి వెళ్ళారు.

సియర్స్‌ని నడిపిన రాబర్ట్ వుడ్ కూడా కార్మిక సంఘాలంటే గిట్టనివాడే. ఇంకా చిత్రం, అతను వార్డ్‌లోనే పనిచేసి 1924లో బయటికి వచ్చినవాడు. పనామా కాలువ కట్టే రోజుల్లో జనాభా లెక్కల పుస్తకాలు సరదాగా చదివేవాడట. జనం ఎక్కడికి పోతున్నారో చూసి అక్కడ దుకాణం పెట్టాడు. ఏవరీ దగ్గరా లెక్కలున్నాయి, కానీ అవన్నీ జరిగిపోయిన యుద్ధాలవి.

1955లో వాటాదారుల సమావేశంలో ఏవరీ సరిగా మాట్లాడలేక తడబడ్డాడు. తర్వాత కొద్ది రోజులకే, ఎనభై ఒకటో ఏట తప్పుకున్నాడు. కొత్తవాళ్ళు దుకాణాలు తెరిచారు గానీ అప్పటికే మంచి చోట్లన్నీ నిండిపోయాయి. సియర్స్‌ని వార్డ్ మళ్ళీ అందుకోలేదు. చేతులు మారుతూ మారుతూ, 2000 డిసెంబరులో మూసేస్తున్నామని ప్రకటించింది.

ఇదంతా అమ్మాయి చదివి వినిపిస్తుంటే నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తలెత్తలేదు. కరోనా తర్వాత రెండేళ్ళకి దానికి బెంగళూరులో కోరుకున్న కోర్సులో సీటొచ్చింది. "మళ్ళీ లాక్‌డౌన్ వస్తే? మీ నాన్న జీతం ఆగిపోతే?" అని నేనే ఎఫ్‌డీ కదపనివ్వలేదు. మావారు రెండుసార్లు చెప్పి ఊరుకున్నారు. సీటు పోయింది. అది ఇక్కడే దగ్గర్లోని కాలేజీలో చేరింది, ఒక్క మాటా అనలేదు.

ఇప్పుడూ అనలేదు. ఫోటోని మళ్ళీ పెద్దది చేసి చూసి, "పాపం, ఆయనకి నిజంగానే భయం వేసుంటుంది కదమ్మా" అంది.

ఎఫ్‌డీ వచ్చే నెలలో మెచ్యూర్ అవుతోంది. దాని పీజీ దరఖాస్తుల తేదీలు కూడా ఆ నెలలోనే.