సముద్రంలో చెత్త, ఒడ్డున చప్పట్లు

ఎపిసోడ్‌లో టైమ్ చాలక వదిలేసిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను. సముద్రంలో ప్లాస్టిక్ ఎత్తే మెషీన్లు వచ్చినప్పుడల్లా జనం ఏమన్నారు, ఆ మాటల వల్ల ఏం జరిగింది అన్నదే ఈసారి విషయం. నేను ఐటీఐ ఫిట్టర్ చదివినవాణ్ణి, సైంటిస్టుని కాదు. కానీ పైపు, వెల్డింగ్, డిఫెక్ట్ లిస్ట్ అంటే ఇరవై ఏళ్ళుగా నా పని అదే. అలాంటి మెషీన్ ఒకటి మలేషియాలో మేముండే క్లాంగ్ నదిలోనే ఉంది. అందుకే ఈ కథ నాకు దగ్గరగా అనిపించింది.

ముందు చెత్త కథ. 1997లో చార్ల్స్ మూర్ అనే అమెరికా కెప్టెన్ పడవ పందెం అయ్యాక హవాయి నుంచి కాలిఫోర్నియా తిరిగి పోతూ, మామూలుగా పడవలు తిరగని దారి పట్టాడు. నడి సముద్రంలో రోజుల తరబడి ఎటు చూసినా ప్లాస్టిక్ కనిపించింది. ఆయన చెప్పిన మాట పేపర్ల చేతిలో పడి 'చెత్త ద్వీపం' అయిపోయింది. జనం నిజంగానే కాలు పెట్టి నడిచే దీవి ఉందనుకున్నారు. ఇప్పటికీ చాలామంది అలాగే అనుకుంటున్నారు.

2018లో అచ్చయిన ఒక పరిశోధన ఆ ప్రాంతాన్ని 16 లక్షల చదరపు కిలోమీటర్లుగా లెక్క కట్టింది. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా దానికి ఐదు రెట్లకు పైనే. అందులో ప్లాస్టిక్ సుమారు 79,000 టన్నులు. సైట్‌లో చేసినట్టు భాగహారం చేసి చూడండి. సగటున ఒక చదరపు కిలోమీటరు నీళ్ళకి 50 కిలోలు, అంటే ఒక్క సిమెంట్ బస్తా బరువు. ఆ బరువులో దాదాపు సగం, 46 శాతం, చేపల వలలే. ముక్కల లెక్క చూస్తే మాత్రం కంటికి ఆనని చిన్నవే ఎక్కువ. ఒక బస్తా సరుకుని చదరపు కిలోమీటరంతా చల్లి, మళ్ళీ ఏరుకురమ్మంటే ఎలా ఉంటుందో మనకి వేరే చెప్పాలా?

ఈ పని చేస్తానని ముందుకొచ్చినవాడు బోయన్ స్లాట్ అనే డచ్ కుర్రాడు. 16 ఏళ్ళప్పుడు గ్రీస్‌లో డైవింగ్ చేస్తుంటే చేపలకంటే ప్లాస్టిక్ సంచులే ఎక్కువ కనిపించాయట. 2012లో డెల్ఫ్ట్ ఊళ్ళో ఒక వేదిక మీద తన ఆలోచన చెప్పాడు. సముద్రంలో పొడుగాటి అడ్డుకట్ట తేలుస్తాం, ప్రవాహమే చెత్తని దగ్గరికి తెస్తుంది అన్నాడు. 2013లో ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. చదువు ఆపేసి 'ది ఓషన్ క్లీనప్' అనే సంస్థ పెట్టాడు. 2014లో 100 రోజుల్లో 38,000 మందికి పైగా జనం 20 లక్షల డాలర్లకు పైనే చందా వేశారు. జనం దేనికో చప్పట్లు కొట్టి ఊరుకోవడం వేరు, జేబులోంచి డబ్బు తీయడం వేరు. అంత ఆశ పెట్టుకున్నారు.

అదే ఏడాది కిమ్ మార్టిని, మిరియం గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు సముద్ర శాస్త్రవేత్తలు ఆ సంస్థ 500 పేజీలకు పైనున్న రిపోర్టును చదివి తప్పులు రాశారు. నాలుగు కిలోమీటర్ల లోతులో లంగరు వేయడం, అలల బరువు లెక్కలు, నీళ్ళమీద బతికే ప్రాణుల సంగతి, ఒక్కోటీ ఎత్తి చూపించారు. అభిమానులకు కోపం వచ్చింది. ఏదో చేద్దామన్న కుర్రాణ్ణి ఎందుకు కిందకి లాగుతారు, మీరేం చేశారు అన్నారు. ఇది సైట్‌లో రోజూ చూసేదే. కన్సల్టెంట్ ఇన్‌స్పెక్టర్ వచ్చి డిఫెక్ట్ లిస్ట్ ఇస్తే, పని చేసినవాడికి అది తిట్టులా వినిపిస్తుంది. కానీ ఆ లిస్ట్ లేకుండా హ్యాండోవర్ అయిన బిల్డింగ్‌లో మీరు పిల్లల్ని పడుకోబెడతారా? 2017లో ఆ సంస్థ సముద్రం అడుగున లంగరు వేసే ప్లాన్ మానేసి, తేలుతూ పోయే డిజైన్‌కి మారింది.

2018 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి 600 మీటర్ల పైపు సముద్రంలోకి బయల్దేరింది. కింద మూడు మీటర్ల తెర. టీవీలన్నీ చూపించాయి. పైపు చెత్తకంటే వేగంగా పోవాలి, అప్పుడే చెత్త లోపల నిలుస్తుంది. కానీ వేగం నిలకడగా లేదు. లోపలికొచ్చిన చెత్త మళ్ళీ బయటికి పోయింది. డిసెంబరు చివర 18 మీటర్ల చివరి ముక్క విరిగి ఊడింది. ప్లాస్టిక్ పైపులో మెటీరియల్ అలసట అన్నారు. పైపు పని చేసినవాళ్ళకి అర్థమవుతుంది ఇది. ఒక్కసారి కొట్టిన దెబ్బకి విరగనిది, రోజుకి వేలసార్లు వంగితే విరుగుతుంది. మొత్తం సామానుని హవాయికి లాక్కొచ్చారు.

అప్పుడు మొదలైంది ఎగతాళి. చెత్త ఎత్తడానికి పోయి తానే చెత్త అయిందని నవ్వారు. నాలుగేళ్ళ ముందు 'ప్రపంచాన్ని కాపాడతాడు' అన్న నోళ్ళలో కొన్ని ఇప్పుడు 'మోసం' అన్నాయి. ఆ రెండు మాటలు అన్నవాళ్ళలో ఎంతమంది పైపు డ్రాయింగ్ చూసి ఉంటారు? 2019లో గాలి గొడుగు లాంటి లంగరు నీళ్ళలో వేసి పైపు వేగం తగ్గించారు. చెత్తే పైపులోకి వచ్చి పడింది, నిలిచింది. 2021లో రెండు ఓడలతో లాగే కొత్త వల వచ్చింది. దానికి ఓడలు తాగే డీజిల్ సంగతేంటి అన్న ప్రశ్న వచ్చింది, న్యాయమైన ప్రశ్నే. 2022లో ఓడ డెక్ మీద చెత్త పోస్తున్న వీడియో పెడితే, ఇంత శుభ్రమైన ప్లాస్టిక్కా, నాటకం అన్నారు. సంస్థ కాదంది.

ఇంకో గొంతు నెమ్మదిగా వినిపించింది. రెబెకా హెల్మ్ అనే జీవశాస్త్రవేత్త 2019లో నీటి పైపొర మీద తేలుతూ బతికే ఊదారంగు నత్తలు, నీలం జీవుల గురించి రాసింది. చెత్త పోగయ్యే చోటికే అవీ పోగవుతాయి, వల చెత్తనీ వాటినీ కలిపే ఎత్తుతుంది అని. ఆ చెత్త ప్రాంతంలో అవి ఎక్కువగా ఉన్నాయని 2023లో వచ్చిన పరిశోధన కూడా చూపించింది.

ఇప్పుడు చిన్న మెషీన్ కథ వినండి. అమెరికాలో బాల్టిమోర్ ఊరి రేవులో జాన్ కెల్లెట్ అనే ఆయన రోజూ తేలే చెత్త చూసి చూసి విసిగి, నీటి చక్రంతో ఒక యంత్రం కట్టాడు. 2008లో పెట్టిన మొదటిది చిన్నదైపోయింది. 2014 మేలో పెద్దది పెట్టారు. వాగు నీళ్ళే చక్రం తిప్పుతాయి, నీళ్ళు తగ్గితే సోలార్ కరెంటు ఉంది. చెత్త బెల్టు మీద ఎక్కి డబ్బాలో పడుతుంది. ఆ యంత్రానికి పెద్ద పెద్ద కళ్ళు తగిలించి 'మిస్టర్ ట్రాష్ వీల్' అని పేరు పెట్టారు. ఊరి జనం దాన్ని మనిషిలా చూసుకున్నారు, ట్విట్టర్‌లో దాని జోకులు చదివారు. ఒకసారి దాని మీద కొండచిలువ కనిపిస్తే ఊరంతా అదే ముచ్చట.

నాకు నచ్చింది ఆ కళ్ళు కాదు, లెక్క పుస్తకం. ఎన్ని సీసాలు, ఎన్ని సిగరెట్ ముక్కలు, ఎన్ని థర్మాకోల్ తిండి డబ్బాలు అని లెక్క కట్టి ఊరికి చెప్పారు. ఆ డబ్బాల్ని నిషేధించాలని అడిగినవాళ్ళకి ఆ లెక్క పనికొచ్చింది. 2019లో మేరీలాండ్ రాష్ట్రం వాటిని నిషేధిస్తూ చట్టం చేసింది. అమెరికాలో అలా చేసిన మొదటి రాష్ట్రాల్లో అదొకటి. నవ్వుతో మొదలై లెక్కతో ముందుకెళ్ళి చట్టం దాకా వచ్చింది.

ఇక మన క్లాంగ్. 2019లో ఓషన్ క్లీనప్ వాళ్ళే నదుల్లో పెట్టే 'ఇంటర్‌సెప్టర్' చూపించారు. మొదటివాటిలో ఒకటి జకార్తాలో, ఒకటి క్లాంగ్ నదిలో. సోలార్‌తో నడుస్తుంది, బెల్టు ఉంది, కింద ఆరు డబ్బాలు. ఇక్కడి కాపీ షాపులో దాని వీడియో చూస్తూ ఒకాయన, నదిలో పోయేదంతా ఈ పరాయి కూలీల చెత్తే అన్నాడు. మనవాళ్ళు తలొంచుకుని తిన్నారు.

ఆ మాటకి జవాబు అదే ఏడాదిలో ఉంది. 2018 మొదట్లో చైనా ప్లాస్టిక్ చెత్త దిగుమతి ఆపేసింది. డబ్బున్న దేశాల చెత్త మలేషియాకి మళ్ళింది. మన జెంజారోమ్ వైపు ఊళ్ళలో లైసెన్స్ లేని ఫ్యాక్టరీలు ప్లాస్టిక్ కాలుస్తుంటే ఊరివాళ్ళు వాసన భరించలేక ఫిర్యాదుల మీద ఫిర్యాదులు పెట్టారు. ఫోటోలు తీశారు. ప్రభుత్వం కదిలింది, ఫ్యాక్టరీలు మూయించింది. 2020 జనవరికల్లా 150 కంటైనర్లు 13 దేశాలకి తిరిగిపోయాయని మంత్రి యో బీ యిన్ చెప్పారు. నదిలో మెషీన్ చెత్త ఎత్తుతున్న కాలంలోనే, నది చివర పోర్టుకి ఓడల్లో చెత్త దిగుతోందన్నమాట. దాన్ని ఆపింది మెషీన్ కాదు, ముక్కు మూసుకుని ఊరుకోని ఊరి జనం.

అలాగని మన చేతులు శుభ్రం అనను. బుంగ్కుస్ కవర్లు, తాడు కట్టిన తే ఐస్ సంచులు సైట్ డ్రైన్‌లో పడటం రోజూ చూస్తాను. వాన పడితే డ్రైన్ నదికే పోతుంది. 2010 ఒక్క ఏడాదిలో నేల మీంచి సముద్రంలోకి పోయిన ప్లాస్టిక్ 48 లక్షల నుంచి 1 కోటి 27 లక్షల టన్నులని 2015లో ఒక అంచనా వచ్చింది. తక్కువ లెక్కే తీసుకున్నా ఆ పసిఫిక్ చెత్త మొత్తానికి అరవై రెట్లు. నడి సముద్రంలో ఎంత పెద్ద వల వేసినా ఈ డ్రైన్ దగ్గర ఆపినంత కాదు. అందుకే మా సైట్‌లో డ్రైన్ నోటికి బీఆర్‌సీ మెష్ ముక్క కట్టించాను. శనివారం దాన్ని ఎత్తి రోరో బిన్‌లో పోస్తాం. ఎత్తే జనరల్ వర్కర్లకి ఆ గంట ఓటీ రాయిస్తాను. చెత్త ఎత్తడం పనే కదా, పుణ్యకార్యం అని చెప్పి ఊరికే చేయించకూడదు.

మన దేశంలోనూ ఇలాంటిది జరిగింది. 2017లో కేరళలో నీండకర రేవు మత్స్యకారులు వలలో పడిన ప్లాస్టిక్‌ని తిరిగి సముద్రంలో పారేయకుండా ఒడ్డుకి తేవడం మొదలుపెట్టారు. దాన్ని శుభ్రం చేసి, తురిమి, రోడ్ల తారులో కలిపారు. కొత్త మెషీన్ అక్కర్లేకపోయింది, పాత వలలే.

ఈసారి ఇలాంటి వీడియో వాట్సాప్‌లో వస్తే ఫార్వర్డ్ చేసేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఎన్ని కిలోలు ఎత్తారు? ఎత్తింది ఎక్కడికి పోయింది? దాన్ని ఏరి వేరుచేసిన మనిషికి ఎంత ఇచ్చారు? మీ సైట్ డ్రైన్ ఎక్కడికి పోతుందో వాయిస్ మెసేజ్‌లో చెప్పండి, వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తాం.