నిద్రలో ఆగు ఊపిరి



మన పల్లెలలో ఎవరైన గుఱకపెట్టి నిద్రించుచుండినచో కుంభకర్ణుని నిద్ర యని నవ్వుకొందుము. ఒడలెఱుగని నిద్ర పట్టినదని సంతోషింతుము కూడ. ఆ గుఱక నడుమనడుమ ఆగి, కొంతసేపు చప్పుడు లేక, పిమ్మట ఉక్కిరిబిక్కిరియై మరల మొదలగుటను ప్రక్కన పరుండిన యిల్లాలు వినియే యుండును. కాని అది రోగమని ఆమెయు తలపదు. ఆ నిశ్శబ్దమే రోగమని లోకము తెలిసికొనుట కెంతకాలము పట్టెనో, దానికి విరుగుడైన యంత్రమెట్లు పుట్టెనో, అది మన యింటికి వచ్చినపుడు మనమెట్లు మెలగవలెనో నేడు మనవి చేసెదను.

కథను మన హైదరాబాదునుండియే మొదలుపెట్టవచ్చును. పూర్వము శస్త్రచికిత్స కొఱకు రోగులకు క్లోరోఫారముతో మత్తు కలిగించుచుండిరి. ఆ మత్తులోనే కొందఱు మరణించుచుండిరి. మొదట నాగునది గుండెయా, ఊపిరియా యని వైద్యులలో వాదము పుట్టెను. రెసిడెన్సీ వైద్యుడును, హైదరాబాదు వైద్య పాఠశాలకు అధ్యక్షుడును అగు ఎడ్వర్డు లారీ దీనిని తేల్చుటకై 1888లో నొక సంఘమును, 1889లో రెండవ సంఘమును కూర్చెను. ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ధనసహాయము చేసెను. లండనునుండి లాడర్ బ్రంటన్ అను వైద్యుడు వచ్చి పాల్గొనెను. వందలకొలది జంతువులపై పరీక్షలు జరిపి, మొదట నాగునది ఊపిరియే గాన వైద్యుడు నాడినిగాక ఊపిరినే కనిపెట్టి యుండవలెనని వారు తీర్మానించిరి. క్లోరోఫారము గుండెను నేరుగా నాపగలదని 1911లో లెవీ యను శాస్త్రజ్ఞుడు చూపుటతో ఆ తీర్మానములో సగము వీగిపోయెను. నిద్రించువాని ఊపిరిని కనిపెట్టుడను మిగిలిన సగము నేటికిని చెల్లుచున్నది.

మందువలన వచ్చిన నిద్రలో ఊపిరిని గమనించిన వైద్యలోకము, రాత్రి సహజముగ వచ్చు నిద్రలో దానిని గమనించుటకు ఇంకను ముప్పాతిక శతాబ్దము పట్టెను. ఆంగ్లకథకుడు డికెన్సు 1836-37 సంవత్సరములలో వెలువరించిన పిక్విక్కు కథలో, నిలుచున్నచోటనే కునుకుచు గుఱకపెట్టు లావుపాటి కుఱ్ఱవాడొకడు కలడు. చదువరులు నవ్విరి. 1956లో బర్వెల్ మున్నగు అమెరికా వైద్యులు అట్టి లక్షణములు గల రోగిని వర్ణించి, ఆ రోగమునకు పిక్విక్కు పేరే పెట్టిరి. 1965లో ఫ్రాన్సున గాస్టో బృందమును, జర్మనీలో యుంగ్, కూలో అనువారును నిద్రలో ఊపిరి పదే పదే ఆగుటను యంత్రములతో కొలిచి చూపిరి. 1976లో గిల్లెమినో అను వైద్యుడు దీనికి స్లీప్ ఆప్నియా యను పేరు స్థిరపఱచెను. లావుగా లేనివారికిని ఈ రోగము రావచ్చును.

ఊపిరి ఏల ఆగును? మన మోటబానకు కట్టిన తోలుతొండమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. నీరు పారునంతసేపు అది నిండుగా నిలుచును. నీరు లేనిచో ముడుచుకొని అంటుకొనిపోవును. నిద్రలో కంఠపు కండరములు సడలినపుడు కొందఱి గొంతుక అట్లే అంటుకొనును. పది సెకండ్లకు తక్కువ గాకుండ ఊపిరి ఆగినచో వైద్యులు దానినొక ఆప్నియాగా లెక్కింతురు. గంటకు ముప్పదిసారులు, అంతకు మించియు ఊపిరి ఆగువారును, సన్నగిల్లువారును కలరు. ఆగినప్పుడెల్ల రక్తములో ప్రాణవాయువు తగ్గును, మెదడు ఉలికిపడి మేల్కొలుపును. తెల్లవాఱిన పిమ్మట ఆ మనిషికి ఇదేమియు జ్ఞాపకముండదు. పగలు కునుకుపాట్లు, తలనొప్పి, మఱపు, రక్తపుపోటు మాత్రము మిగులును. బండి నడుపువాడు కునికినచో ప్రాణములే పోవచ్చును.

1980వఱకు దీనికి నిశ్చయమైన చికిత్స యొక్కటియే: గొంతుకకు రంధ్రము చేసి గొట్టము పెట్టుట. ఆ సంవత్సరము జూను మాసమున ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున ఆ శస్త్రచికిత్సకు ఒప్పుకొనని రోగి యొకడు, కాలిన్ సల్లివన్ అను వైద్యుడు చెప్పిన క్రొత్త ప్రయోగమునకు ఒప్పుకొనెను. ముక్కునకు తొడుగు బిగించి, గాలిని ఊదు మోటారుతో నిలకడగా గాలిని పంపిరి. తొండము నిలిచినట్లు గొంతుక నిలిచెను. ఐదుగురు రోగుల వృత్తాంతమును 1981 ఏప్రిలులో లాన్సెట్టు పత్రిక ప్రకటించెను. వాడిన ఒత్తిడి పది సెంటీమీటర్ల నీటికి మించలేదు. అనగా చెంబెడు నీటి అడుగున నుండు ఒత్తిడి. ఇది ప్రాణవాయువు నిచ్చు యంత్రము కాదని గుర్తించుడు. గదిలోని గాలినే పంపును. సీపాప్ అను పేరుతో 1985నుండి ఇది అంగడి సరకైనది.

సరకైన దానితోడనే చిక్కులును వచ్చినవి. మణికొండ గోలకొండ కోటకు చేరువనున్న యొకప్పటి గ్రామము. 1998లో మాదాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప ఆ ప్రాంతపు బండలమీద అంతస్తుల మేడలు లేచినవి. మన పిల్లలు అందు కాపురముండుటచే మనమును అక్కడికి పోవుచున్నాము. మా మేనమామగారు అట్లే కొడుకు ఇంటికి పోగా, రాత్రి నిద్రను పరీక్షించి వైద్యుడు ఈ యంత్రము వ్రాసియిచ్చెను. అమ్మినవాడు తెచ్చి, పది నిమిషములు చూపి, రూకలు పుచ్చుకొని వెడలెను. తొడుగు పెద్దది, మీసముల సందున గాలి కారి కన్నులలోనికి కొట్టెను, నోరు ఎండిపోయెను. ఫోను చేసినను ఆ వర్తకుడు పలుకలేదు. నాలుగవ రాత్రి యంత్రము అటక యెక్కెను. పెద్దాయన గోడ కానుకొని కునుకుట మానలేదు.

పిమ్మట వైద్యుని సహాయకుడొకడు ముఖము కొలిచి చిన్న తొడుగు నిచ్చెను. కట్టుడుపండ్లు తీసినపుడు ముఖమెట్లుండునో అట్లే యుండగా దానిని సరిపుచ్చెను. పగటిపూట పత్రిక చదువుచు అరగంట తొడుగుకొని కూర్చుండుడనెను. గాలికి తడి నిచ్చు పాత్రలో బట్టిపట్టిన నీరే పోయుడనియు, తొడుగును ప్రతిదినము సబ్బునీట కడుగుడనియు, కరెంటు పోయినచో వెంటనే తీసివేయుడనియు చెప్పెను. నెలనాళ్లలో అలవాటైనది. అప్పుడు అత్తయ్య నాతో, "అబ్బాయీ, ఇప్పుడు ఆయన హాయిగా నిద్రించుచున్నారు. చప్పుడు లేకపోవుటచే నాకే నిద్ర పట్టుట లేదు" అని నవ్వినది.

కావున అయ్యలారా, యంత్రముతోపాటు దానిని అమ్మువానిని కూడ పరీక్షించుడు. కొన్నిదినములు వాడి చూచుటకు ఇచ్చునా? తొడుగు సరిపడనిచో మార్చునా? చెడినపుడు ఎవరు వత్తురు? యంత్రములో నమోదగు లెక్కలను వైద్యునకు చూపునా? ఇవి కొనకముందే అడిగి, జవాబులను కాగితముపై వ్రాయించుకొనుడు. రసీదును, యంత్రము అడుగున నున్న క్రమసంఖ్యను పొలము దస్తావేజువలె భద్రపఱచుడు. దీనికి కారణము కలదు. 2021 జూనులో ఫిలిప్స్ రెస్పిరానిక్స్ సంస్థ తాను చేసిన యంత్రములను లక్షలకొలదిగ వెనుకకు పిలిచెను. చప్పుడు నణచుటకు లోపల నమర్చిన నురుగు పదార్థము పొడియై ఊపిరితో లోనికి పోవచ్చునని భయము. తమ యంత్రము అందు చేరినదో లేదో తెలియుటకు ఆ క్రమసంఖ్యయే ఆధారమైనది.

మన దేశమున 2020 ఏప్రిల్ 1 నుండి వైద్యపరికరములన్నియు ఔషధ చట్టము క్రిందికి వచ్చినవి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టమువలన, కొన్నచోటికి పోకయే మీరు నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేసికొనవచ్చును. 1915 అను సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును.

నేటి రాత్రి మీ యింట గుఱక వినబడినచో నవ్వక కొంచెము చెవియొగ్గుడు. అది ఆగి, ఉక్కిరిబిక్కిరియై మరల మొదలైనచో, ఆ సంగతి ఉదయమున ఆ మనిషికి చెప్పి వైద్యునియొద్దకు తోడ్కొనిపొండు. నిద్రించువాడు తన ఊపిరి ఆగుటను తాను వినలేడు, మనమే వినవలెను.