కులవృత్తి, వృత్తివ్యాధి: కార్మిక నష్టపరిహార చరిత్రలో మన జాడ

పని వల్ల వచ్చే రోగాన్ని తెలుగులో 'వృత్తివ్యాధి' అంటున్నాం. ఈ 'వృత్తి' అనే మాట దగ్గర కాస్త ఆగాలి. మన సమాజంలో వృత్తి అంటే మనిషి ఎంచుకున్న పని కాదు, పుట్టుకతోటే మెడకు తగిలించిన పని. కులవృత్తిలోని వృత్తీ, వృత్తివ్యాధిలోని వృత్తీ ఒకటే అయినప్పుడు, పని వల్ల వచ్చిన జబ్బుకి యజమాని పరిహారం కట్టాలనే చట్టం ఎవరి జబ్బుని జబ్బుగా గుర్తించింది? ఎవర్ని కార్మికుడి కింద లెక్కేసింది? కార్మికోద్యమ చరిత్రలు రాసినవాళ్ళు దీన్ని వర్గ సమస్యగా చూసి అక్కడితో ఆపేశారు. దళిత ఉద్యమమేమో భూమి, దాడులు, రిజర్వేషన్ల మీద చూపినంత పట్టు దీని మీద చూపలేదు. అందుకే ఈ పాత కాగితాలు మళ్ళీ తిరగెయ్యాల్సి వస్తోంది.

వృత్తి వైద్యానికి ఆద్యుడని డాక్టర్లు చెప్పుకునే బెర్నార్దినో రమజ్జీని ఇటలీలోని మోదెనాలో 1700లో తన గ్రంథం అచ్చేశాడు. ఆయన్ని ఈ దారి పట్టించింది ఎవరు? తన ఇంట్లో మలం గొయ్యి ఎత్తిపోసే మనిషి. ఎందుకంత తొందరగా చేస్తున్నావని అడిగితే, ఎక్కువసేపు ఉంటే కళ్ళు పోతాయని ఆ మనిషి చెప్పాడు. రోగిని 'నువ్వేం పని చేస్తావు?' అని కూడా అడగాలని రమజ్జీని వైద్యులకి చెప్పింది ఆ తర్వాతే. అంటే ఈ వైద్యశాస్త్రం మొదలైందే పాకీపని దగ్గర. మన దేశంలో ఆ పని చేసేవాళ్ళకు కొదవలేదు. ఆ ప్రశ్న అడిగే వైద్యుడే కరువు. పని అడక్కుండానే తెలిసిపోయే చోట, ఆ పనికీ రోగానికీ సంబంధం ఏమిటని ఎవరు అడుగుతారు!

ఇక చట్టం సంగతి. వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం 1923లో వచ్చి, 1924 జూలై 1 నుంచి అమల్లోకొచ్చింది. పని వల్ల, పనిలో ఉండగా జరిగే ప్రమాదానికి తప్పు ఎవరిదని తేల్చకుండానే యజమాని డబ్బు కట్టాలన్నది దీని సారం. కొన్ని రోగాల్ని కూడా ప్రమాదం కింద లెక్కగట్టింది. ఆ తొలి జాబితాలో వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని రోగాలే ఉన్నాయి. వాటిలో ఒకటి ఆంత్రాక్స్, మన పల్లెల్లో దొమ్మ రోగం. తోళ్ళు, ఉన్ని, వెంట్రుకలతో పనిచేసేవాళ్ళకి వచ్చేది. చదవగానే మాదిగవాడ గుర్తొస్తుంది. ఇంకేం, మనవాళ్ళు మొదటి జాబితాలోనే ఉన్నారే అనిపిస్తుంది. కానీ ఆ రోగం మన చట్టంలోకి లందల మీంచి రాలేదు. ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లుల్లో కార్మికులు దీంతో చచ్చిపోతే, 1906 నాటి బ్రిటిష్ చట్టం దాన్ని తన ఆరు రోగాల పట్టికలో చేర్చింది. అక్కణ్ణించి ఇక్కడికి దిగుమతి అయింది.

రోగం పేరు చట్టంలో ఉన్నంత మాత్రాన మాదిగకి ఒరిగిందేమిటి? ఈ చట్టంలోని పట్టికల్లో ఇక్కడ చూడాల్సినవి రెండు. ఒకటి రోగాలది, ఇంకొకటి మనుషులది. మొదటిదాంట్లో రోగం ఉన్నా రెండోదాంట్లో మనిషి లేకపోతే అంతే సంగతులు. ఫ్యాక్టరీ, గని, రైలు, ఓడరేవు, ఇట్లాంటి చోట పనిచేసేవాడే 'వర్క్‌మన్'. ఊళ్ళో చచ్చిన గొడ్డుని ఈడ్చుకుపోయి, తోలు తీసి, తంగేడు చెక్కతో లందలో ఊనబెట్టి, చెప్పులూ మోటతోలూ కుట్టిచ్చి, కళ్ళం దగ్గర మేర అడుక్కునేవాడికి యజమాని ఎవరు? ఊరంతా యజమానే, అందుకే యజమాని లేడు. జీతగాడూ వ్యవసాయ కూలీ కూడా ఇదే పద్దు. తర్వాత కాలంలో వ్యవసాయం ఆ పట్టికలోకి వచ్చిందంటే, ట్రాక్టర్ల వంటి యంత్రాలతో చేసే పనికే వచ్చింది. యంత్రం ఉంటే కార్మికుడు, ఒళ్ళు మాత్రమే ఉంటే కాదు. పశు కళేబరాల పని వల్ల వచ్చే అంటురోగాలన్నిటినీ ఆ తర్వాత జాబితాలో చేర్చారు గానీ, ఆ కళేబరాన్ని ఊరి బయటికి మోసేవాడి స్థితి మారలేదు.

మరి మనవాళ్ళు నిజంగానే 'వర్క్‌మన్' అయిన చోట ఏమైంది? దీనికి కోలారు బంగారు గనుల్ని మించిన ఉదాహరణ లేదు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ అక్కడ తవ్వకం చేపట్టింది. ఉత్తర ఆర్కాటు నుంచి తమిళ పరయలు, చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్ళు వలసపోయారు. (1911 దాకా చిత్తూరు కూడా ఉత్తర ఆర్కాటు జిల్లాయే.) వెట్టి నుంచి తప్పించుకుని, నెల తిరిగేసరికి చేతిలో రొక్కం పడే పని కోసం పోయారు. ఆత్మగౌరవం అక్కడ మొలకెత్తిన మాట కూడా నిజం. అయోతీదాసు బౌద్ధసంఘం శాఖ మారికుప్పంలో నడిచింది. కానీ గని అడుగుకి దిగేవాళ్ళలో అధికభాగం అంటరాని కులాలవాళ్ళే.

ఆ బంగారం తెల్లరాయిలో, అంటే క్వార్ట్జ్‌లో ఉంటుంది. డ్రిల్లు దాన్ని పొడి చేస్తుంటే కంటికి కనపడని సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల అడుక్కి చేరి మచ్చలు కడుతుంది. దానికి మందు లేదు. పైగా క్షయని పిలిచి కూచోబెడుతుంది. అదే సిలికోసిస్. మన దేశంలో దీన్ని తొలిసారి కోలారులో 1934లో నమోదు చేశారు. తవ్వకం మొదలై 54 ఏళ్ళకి! వైద్యానికి అప్పటిదాకా తెలియదని సమర్థించుకునే వీల్లేదు. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో తెల్ల కార్మికుల ఒత్తిడితో 1911-12 నాటికే దీనికి పరిహార చట్టాలొచ్చాయి. 1930లో జొహానెస్‌బర్గ్‌లో అంతర్జాతీయ సదస్సు కూడా జరిగింది. అక్కడ నల్లవాళ్ళకి దక్కనిది ఇక్కడ పరయలకి, మాలలకి దక్కుతుందా? తర్వాత 1940-46 మధ్య కాప్లన్, బర్డెన్ అనే వైద్యులు 7,653 మందిని పరీక్షిస్తే, నూటికి 40 మందికి పైగా ఈ జబ్బు తేలింది. 54 ఏళ్ళు ఒక్కరికీ లేని రోగం, ఎక్స్‌రే తీసేసరికి పదిమందిలో నలుగురికి ఉంది. మధ్యలో పోయినోళ్ళ దగ్గుకి ఏ పేరు పెట్టి పాతిపెట్టారో ఊహించుకోవచ్చు.

ఇక్కడే డాక్టరు సంతకం ముఖ్యమవుతుంది. క్షయకి పరిహారం రాదు, సిలికోసిస్‌కి వస్తుంది. రెండూ కలిసొస్తే? 1934 నాటి అంతర్జాతీయ కార్మిక ఒప్పందంలోనూ, తర్వాత మన చట్టంలోనూ ఒక షరతు ఉంది: చావుకి గానీ అశక్తతకి గానీ సిలికోసిస్ ముఖ్యకారణమై ఉండాలి. క్షయ అనగానే వాడ, మురికి, తాగుడు, తిండిలేమి అని చెప్పేయడం ఎంతో సులువు. అంటే కులం కల్పించిన పేదరికమే, కులం కల్పించిన రోగానికి అడ్డుసాక్ష్యం చెబుతుంది. పైగా గడువొకటి. పని మానేశాక రెండేళ్ళలోపు లక్షణాలు కనబడాలంది చట్టం. ఈ జబ్బు పదేళ్ళకీ ఇరవయ్యేళ్ళకీ బయటపడొచ్చు, అప్పటికి మనిషి సొంతూళ్ళో ఉంటాడు. కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఆ దుమ్ము మాత్రం ఛాతీలో ఉండిపోయింది.

అదే కె.జి.ఎఫ్.లో బంగారం తవ్వని దళితులు కూడా ఉన్నారు. ఆ టౌనుషిప్పు దొడ్లు ఎత్తిపోసిన తెలుగు కుటుంబాలు. బెజవాడ విల్సన్ అట్లాంటి ఇంట్లో 1966లో పుట్టాడు. సఫాయి కర్మచారీ ఆందోళన్ వేళ్ళు అక్కడే ఉన్నాయి. పరిహార చట్టం పట్టికలో మురుగుకాలువ పని ఉంది, రోగాల పట్టికలో హైడ్రోజన్ సల్ఫైడ్ విషవాయువు కూడా చేరింది. కాగితం మీద లోటు లేదు. కానీ మునిసిపాలిటీ 'కంట్రాక్టరు మనిషి' అంటుంది, కంట్రాక్టరు 'వాడెవడో నాకు తెలీదు' అంటాడు. అసలు యజమానే బాధ్యుడని చట్టంలో ఉన్నా హాజరుపట్టీ ఎక్కడ? ఇంటి సెప్టిక్ ట్యాంకులో దిగినవాడి గతి మరీ అన్యాయం. యజమాని వ్యాపారంతో సంబంధం లేని అప్పటికప్పటి కూలీని 2000 సవరణ దాకా నిర్వచనంలోంచే తీసేశారు. ఇంకో తిరకాసు ఉంది. తాగిన మైకంలో దెబ్బతగిలితే పరిహారం లేదు, చస్తే ఉంది. తాగకుండా ఆ గుంటలో ఎవడు దిగగలడు?

ఎంత డబ్బు అన్నదాంట్లోనూ కులం ఉంది. చనిపోతే నెలకూలిలో సగాన్ని, వయసుని బట్టి ఒక అంకెతో హెచ్చవేస్తారు. తక్కువ కూలికి కుదిర్చిన కులం, తక్కువ ఖరీదు ప్రాణం. దీన్ని దాటింది సుప్రీంకోర్టు 2014 మార్చి 27 తీర్పు: 1993 నుంచి మురుగుకాలువల్లో చనిపోయిన వాళ్ళందరి కుటుంబాలకీ 10 లక్షలు. 2023 అక్టోబరు 20న దాన్ని 30 లక్షలకి పెంచింది. ఈ మొత్తానికి కూలి రేటుతో పనిలేదు, చేయించకూడని పని చేయించినందుకు కట్టాల్సింది. మన కోణంలో చూస్తే ఇదే అసలు మలుపు.

ఇప్పుడు 1923 చట్టం లేదు. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లో కలిపేసి, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చారు. మన వాడల్లో తిరిగే కార్యకర్తలు, మెడికల్ కాలేజీల్లో చదివే మన పిల్లలు చెయ్యగలిగిన పనొకటి ఉంది. దగ్గుతూ ఆసుపత్రికొచ్చిన ప్రతి మనిషి చీటీ మీదా ఏ పని, ఎన్నేళ్ళు, ఎవరి దగ్గర అనే మూడు ముక్కలు రాయించాలి. కమిషనర్ ముందు నిలబడినప్పుడు, హాజరుపట్టీ లేని మనిషికి ఆ చీటీయే హాజరుపట్టీ.