తండ్రి యప్పు, కొడుకు చేవ్రాలు

కోనసీమలో నొక గృహస్థు మరణించినచో, దినవారములు ముగియకముందే ఆ యింటికి రెండు లెక్కలు చేరును. ఒకటి కర్మకాండకును సంతర్పణకును అగు వ్యయము. రెండవది మృతుడు బ్యాంకులో మిగిల్చిపోయిన ఋణము. ఏది ముందు తీర్పవలెను, ఎవరు, ఎంతవఱకు అను ప్రశ్నలు శోకములో నున్నవారికి తోచవు. అప్పు తీరనిదే తండ్రికి సద్గతి లేదను భయముచే కొడుకు చూపిన చోటనెల్ల చేవ్రాలు చేయును. ఈ భయమునకు మూలమేమో చూతము.

ధర్మశాస్త్రములు పుత్రునిపై ఈ భారము నుంచినమాట నిజమే. గాని హద్దు లేక యుంచలేదు. త్రాగుడునకు, జూదమునకు, కామమునకు చేసిన యప్పులను, చెల్లింపక మిగిలిన దండుగను, వృథాదానమును కొడుకు తీర్ప నక్కఱలేదని యాజ్ఞవల్క్యుడు చెప్పెను. మనుమడు అసలు మాత్రమే యీయవలెనని బృహస్పతి మతము. తానొప్పుకొన్నదియు, భర్తతో కలసి చేసినదియు తప్ప భర్త యప్పు భార్య తీర్పవలసినది కాదు. మితాక్షరను కేతన 13వ శతాబ్దముననే తెనిగించెను గావున ఈ శాస్త్రము మనకు క్రొత్త కాదు. ఐనను జనులకు నరకభయము కంఠస్థమైనది, మినహాయింపులు తాళపత్రములలోనే యుండిపోయెను.

తరువాతి చరిత్ర న్యాయస్థానములది. తండ్రి ఆస్తి యేమియు దక్కకున్నను కొడుకే బాధ్యుడను పద్ధతి బొంబాయి రాష్ట్రమున నుండెను; 1866 నాటి చట్టము దానిని మాన్పినది. 1874లో ప్రీవీకౌన్సిలు, పాపకార్యములకు చేసినది కాని తండ్రి యప్పునకు కొడుకుల చేతిలోని పిత్రార్జితము లోబడునని తీర్చెను. తుదకు 2005 సెప్టెంబరు 9వ తేదీన అమలైన హిందూ వారసత్వ సవరణచట్టము, అటుపిమ్మట చేసిన యప్పులకు పుత్రధర్మ మను కారణము మాత్రమే చూపి కొడుకును గాని మనుమని గాని పట్టరాదని శాసించెను.

ఇక మిగిలినది ఆస్తి. దానిని పుచ్చుకొన్నవాడు ఆ మేరకు అప్పును పుచ్చుకొనును. రాజోలు ప్రాంతపు కొబ్బరితోట తాకట్టులో నున్నచో ఆ తాకట్టు తోటతోనే వచ్చును. 1996 నవంబరు తుపానున చెట్లు కూలిన తోటవలె విలువ అప్పుకంటె తగ్గిపోయినచో, కొఱతకై వారసుని జీతముపైకి పోవుటకు వీలులేదు; అతడు హామీదారుగా సంతకము చేసియుండకున్నచో నను మాట మఱవరాదు.

అంత్యక్రియల మాట 1925 నాటి భారత వారసత్వచట్టమున చక్కగ నున్నది. మృతుని ఆస్తినుండి మొదట తీర్పవలసినవి అతని స్థితికి తగిన అంత్యక్రియల వ్యయమును, మరణమునకు ముందు నెలనాటి వైద్యవ్యయమును. ఆస్తినిర్వహణకై కోర్టున కగు ఖర్చుల పిమ్మట, తక్కిన అప్పులకు ముందుగ, కడపటి మూడునెలల కూలివాండ్ర జీతము రావలెను. అనగా దింపు తీసిన కూలివాడు తాకట్టులేని షాహుకారుకంటె ముందు నిలుచును! ఇది మాకెంతయు నచ్చినది. 'స్థితికి తగిన' యను మాటలో అప్పుతెచ్చి ఊరందఱికి పెట్టు సంతర్పణ యిముడునని మేము తలపము.

బ్యాంకులోని నిలువసొమ్ము వేఱు సంగతి. 1983 నాటి సవరణచే నామినీ పద్ధతి యేర్పడినది. నామినీ సొమ్ము నందుకొనువాడే గాని యజమాని కాడని సుప్రీంకోర్టు 2010లో చెప్పెను. కావున అన్న పేర నామినేషను ఉన్నంతమాత్రమున చెల్లెలి భాగము పోదు.

ఇన్ని రక్షణలును ఒక్క చేవ్రాలుతో వ్యర్థములగును. పాత యప్పును తన పేర క్రొత్త పత్రముగ వ్రాసియిచ్చిన కొడుకు తండ్రి ఋణమును తన ఋణముగ చేసికొనుచున్నాడు. ముందు ఖాతాలెక్కయు, తాకట్టుపత్రపు నకలును అడుగవలెను. ఆ ఋణమునకు బీమా యున్నదేమో విచారింపవలెను. ఇట్లడిగినవానిని బంధువులు పిసినారి యందురేమో, అననిండు.